పిసరు తూకం

శుక్రవారం పొద్దున కాటాయన వేసుకున్న పథకం చిన్నదే. ఏడింటికి కుక్కపిల్లను తూచడం, ఏడుంపావుకు లెక్క కట్టడం, ఏడున్నరకు కాఫీ తాగి పనికి పోవడం. లారీలు తూచే కాటా దగ్గర ఇరవై ఏళ్లుగా ఉన్న మనిషికి ఇదొక పని కాదు. అయినా ఇంట్లోని తూకం మిషను మీద కాలు పెట్టబోతే గుండె దడదడలాడింది.

దడకు కారణం కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ. కుక్కను పెంచుకోండి కానీ పెద్దయ్యాక ఐదు కిలోలు దాటకూడదని షరతు పెట్టింది. దాటితే కుక్కను పంపేయాలి. తొమ్మిదేళ్ల కూతురు అప్పుడే దానికి పిసరు అని పేరు పెట్టేసి, రాత్రి దాన్ని పక్కలో వేసుకుని పడుకుంది.

కుక్కపిల్లను ఇచ్చిన బావమరిది ఒక సూత్రం కూడా ఇచ్చాడు. ఇప్పటి బరువును వయసు వారాలతో భాగించి యాభైరెండుతో హెచ్చవేస్తే, పెద్దయ్యాక ఎంత తూగుతుందో తెలుస్తుందట. పిసరుకు ఎనిమిది వారాలు. ఒక్కదాన్నే నిలబెడితే మిషను పలకలేదు. పది కిలోల లోపు సరుకును అది లెక్కచేయదు. అందుకని కాటాయన ముందు తానెక్కాడు. అరవై నాలుగు. ఆ అంకెను గోడ మీద పెన్సిలుతో రాసుకున్నాడు. తర్వాత పిసరును ఎత్తుకుని ఎక్కాడు. అరవై నాలుగు కిలోల తొమ్మిది వందలు. సూత్రంలో వేస్తే పెద్దయ్యాక ఐదు కిలోల ఎనిమిది వందల యాభై.

"కొంప మునిగిందే," అన్నాడు భార్యతో. "ఎనిమిది వందల యాభై ఎక్కువొస్తోంది."

"అరచేతిలో పట్టే దానికి అప్పుడే అంత బెంగేమిటండీ?"

"ఇప్పుడే అదుపులో పెట్టాలి."

ఆ పూటనుంచి పిసరు గుడ్డు సగమైంది, పాలు సగమయ్యాయి, రొట్టె సగమైంది. మిగిలిన సగాన్ని పారేయడానికి కాటాయనకు చేతులు రాలేదు. గిన్నె ముందు గొంతుకూర్చుని తానే తినేసేవాడు. దిగులుకు ఆయనకు ఆకలెక్కువ.

పదో వారం మళ్లీ ఎత్తుకుని ఎక్కాడు. అరవై ఆరు కిలోల రెండు వందలు. గోడ మీది అరవై నాలుగు తీసేస్తే పిసరు రెండు కిలోల రెండు వందలు. సూత్రం పదకొండున్నర దగ్గర ఆగింది. కాటాయన పిసరు తిండిలో ఇంకో సగం కోశాడు. కోసిందంతా ఎప్పటిలాగే తాను తిన్నాడు.

పన్నెండో వారానికి సూత్రం పదిహేడుకు చేరింది. బావమరిదికి ఫోన్ చేశాడు.

"నిజం చెప్పు. దీని తండ్రి ఎవరు?"

"బావా, నేనా పెళ్లికి వెళ్లలేదు," అని పెట్టేశాడు బావమరిది.

ఆకలికి పిసరు చెప్పులు కొరకడం మొదలుపెట్టింది. "చూశావా? పెద్దజాతి పళ్లు!" అన్నాడు కాటాయన.

"చెప్పులోనే పడుకుంటోంది కదండీ. బరువుంటే అందులో ఎలా పడుతుంది?"

"పిచ్చిదానా, కిలో ఇనుము చూడ్డానికి ఎంతుంటుంది? కిలో ఊక ఎంతుంటుంది? కన్ను మోసం చేస్తుంది, కాటా చేయదు. దీని ఎముకలు గట్టివి."

పద్నాలుగో వారం మిషను సరిగ్గా డెబ్బై చూపించింది. పిసరు ఆరు కిలోలు. పెద్దయ్యాక ఇరవై రెండు కిలోల రెండు వందల ఎనభై. కుక్క పెరగడం ఎలాగూ ఆగదు, కనీసం ఉన్నన్నాళ్లు తలుపు పగలగొట్టకుండా చూడాలని, కాటాయన పనికి పోతూ దారిలో వడ్రంగికి లెక్కంతా చెప్పి గూడు కొలతలిచ్చాడు. దూడ పట్టే గూడు. ఆ వడ్రంగి మధ్యాహ్నం ఓనరమ్మ కిటికీ బాగుచేయడానికి వచ్చి, మాటల్లో ఆ సంగతి చెప్పేశాడు. సాయంత్రం కాటాయన ఇంటికొచ్చేసరికి ఓనరమ్మ నట్టింట్లో కూర్చుని ఉంది.

"ఏం బాబూ, నా ఇంట్లో ఏం పెంచుతున్నావు? ఇరవై రెండు కిలోలటగా?"

తూకం విషయంలో కాటాయన ఎన్నడూ అబద్ధమాడలేదు. "ఇరవై రెండు కిలోల రెండు వందల ఎనభై అండీ," అన్నాడు తలవంచుకుని.

ఓనరమ్మ చెప్పులో ముడుచుకున్న పిసరును చూసింది. "ఇదా?"

"ఇదేనండీ."

"నాకివన్నీ తెలియవు. ఇప్పుడే డాక్టరు దగ్గరికి పోయి రాయించుకురా. ఐదు దాటుతుందని రాస్తే రేపు పొద్దునకల్లా ఇది వెళ్లిపోవాలి."

కూతురు ఏడవలేదు. పిసరును గౌనులో చుట్టుకుని తండ్రికంటే ముందు గుమ్మం దాటింది. అంతకంటే ఆ పిల్ల ఏడ్చినా బాగుండేదనిపించింది కాటాయనకు.

పశువుల డాక్టరు పిసరును బల్ల మీది చిన్న కాటాలో పెట్టి, "కిలో ఆరు వందలు," అన్నాడు.

"మీ కాటా తప్పండీ," అన్నాడు కాటాయన.

డాక్టరు పిసరు డొక్కలు తడిమాడు. ముఖం మారింది. "ఎముకలు చేతికి తగులుతున్నాయి. దీనికి తిండి పెడుతున్నారా?"

"పెడుతున్నామండీ. అమ్మ పెడుతుంది," అంది కూతురు. "నాన్న తినేస్తాడు."

కాటాయన మిషను, గోడ మీది అంకె, సూత్రం, అన్నీ చెప్పాడు. డాక్టరు ఓపికగా విన్నాడు.

"ఆ గోడ మీది అరవై నాలుగు ఎప్పటిది?"

పాత ఖాళీబండి తూకం చీటీ చూపించిన డ్రైవర్లచేత, వానలో సైతం సరుకు దింపించి ఖాళీ లారీని మళ్లీ తూయించిన మనిషి కాటాయన. గది మూలన మనుషుల తూకం మిషను ఉంది. ఎవరూ చెప్పకుండానే వెళ్లి ఒంటరిగా నిలబడ్డాడు. అరవై ఎనిమిది కిలోల నాలుగు వందలు.

కాసేపు ఆయన పిసరు వైపు చూడలేకపోయాడు. "బతుకుతుందా సార్?" అన్నాడు చివరికి.

"నిక్షేపంలా. దాని తిండి దానికి పెట్టండి. ఆ సూత్రం చిన్నజాతికి పనికిరాదు. ఇవి మూడున్నర నెలలకే సగం బరువు వచ్చేస్తాయి. దీనికి మూడున్నర కిలోలు మించదు." కాగితం మీద అదే రాసి సంతకం పెట్టాడు.

ఇల్లు చేరగానే కూతురు ఒక గుడ్డును పూర్తిగా గిన్నెలో వేసి, తండ్రికీ గిన్నెకూ మధ్య కాపలా కూర్చుంది. జరిగిందంతా తానే చెప్పింది, ఒక్క ముక్కా వదలకుండా. భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. ఓనరమ్మ కాగితం రెండుసార్లు చదివి, కాటాయనను కిందనుంచి పైదాకా ఒకసారి చూసింది.

"కుక్కను ఉంచుకో అమ్మాయ్," అంది ఆయన భార్యతో. "మీవారిని మాత్రం మెట్లు నెమ్మదిగా ఎక్కమను."