ఇంట్లో ఎవరున్నారు?

ఆ గురువారం పొద్దున పళ్ళు తోముకుంటూ దర్జీ గట్టి నిర్ణయం తీసుకున్నాడు: పదింటి పరీక్ష తప్పాలి. విరిగిన తుంటి ఎముక అతికింది. ఇక ఇంటికి పంపవచ్చో లేదో తేల్చడానికి ఫిజియోథెరపీ అమ్మాయి ఫారం పట్టుకుని వస్తుంది. ఇంట్లో ఏముంది గనక? కుట్టుమిషను, నాలుగేళ్ళ కిందట పోయిన భార్య ఫొటో. ఈ ఆస్పత్రి వార్డులో అయితే పక్క మంచం మీద రిటైరైన లారీ డ్రైవరున్నాడు. ఇరవై రోజులుగా ఇద్దరూ ఫ్యాను వేగం గురించి పోట్లాడుకుంటున్నారు. అంత సుఖం దర్జీ ఎరిగి చాలాకాలమైంది.

"ఇవాళ తారీఖెంత బాబాయ్ గారూ?" పదింటికి వచ్చిన ఆ అమ్మాయి ఫారం తెరిచి అడిగింది.

"ముప్ఫై రెండు."

ఆమె తలెత్తి చూసింది. "ఇంట్లో ఎవరున్నారు?"

"మా ఆవిడ," అనేశాడు ఊపులో. ఆ మాట పలికి ఎన్నాళ్ళయిందో! "నాకోసం చూస్తూ ఉంటుంది."

ఆవిడ పోయిందని ఫైల్లో రాసి ఉంది. ఆమె పెన్ను ఆగిపోయింది.

అక్కణ్ణుంచి గోరంత కొండంతయింది. మతిమరుపు చూసే డాక్టరు వచ్చాడు. నిజం చెబితే ఇంటికి పంపేస్తారని దర్జీ నోరు మెదపలేదు. ఆ మౌనాన్నీ రోగం కిందే రాసుకున్నారు. తలకు స్కాను తీశారు. మధ్యాహ్నానికల్లా కనిపెట్టి ఉండాలంటూ పై అంతస్తులో ఒంటిగదికి మార్చారు. పోట్లాడదామంటే మనిషి లేడు. ఫ్యాను తనిష్టం వచ్చినట్టు తిరుగుతోంది. కొరివితో తల గోక్కున్నానని దర్జీకి అర్థమైంది.

సాయంత్రం ఆ అమ్మాయి రాగానే అంతా కక్కేశాడు. "అన్నీ అబద్ధాలేనమ్మా. ఇంటికెళ్తే పలకరించే దిక్కులేక..."

ఆమె నుదురు కొట్టుకుంది. "పక్క మంచం ఆయనకీ ఎవరూ లేరండీ. తోడుంటేనే ఇంటికి పంపుతామన్నాం. అందుకని, మీరు వాళ్ళింట్లో ఉంటారని పొద్దున్నే తన ఫారంలో రాయించాడు. మిమ్మల్ని అడగడానికి మొహమాటపడి నన్నడగమన్నాడు. ఈలోగా మీకు మతి పోయిందని ఆయన డిశ్చార్జి కూడా ఆపేశారు!"

వాకరు ఈడ్చుకుంటూ డ్రైవరు గుమ్మంలోకి వచ్చాడు. "ముప్ఫై రెండేమిటయ్యా? అబద్ధమాడినా అతికినట్టుండాలి. దర్జీవి, ఆమాత్రం అతకడం రాదా?"

ఆమె మళ్ళీ ఫారం తీసింది. దర్జీ కళ్ళు తుడుచుకుని, తారీఖు, వారం, టైముతో సహా అప్పజెప్పాడు.

"ఇంట్లో ఎవరున్నారు?"

"ఈ డ్రైవరు. గురక పెడతాడు."

ఫారంలో గురకకు గడి లేదు గనుక ఆమె టిక్కు పెట్టి ఊరుకుంది.