రిబ్బను వెనక మిషను

ఇకపై ఏ ఆడపిల్లా నెలసరి వల్ల బడి మానరాదని ప్రభుత్వం తీర్మానించింది. (నెలసరిని ముందుగా సంప్రదించారో లేదో తెలియదు.)

అందుకని మా బడి వరండాలో ప్యాడ్ల మిషను బిగించారు. మీట నొక్కితే ప్యాడ్ వస్తుంది. అయితే మిషనుకు అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టారు. విద్యాశాఖ డైరెక్టరు గారు వచ్చి కత్తిరించేదాకా ఎవరూ దాన్ని తాకకూడదు. (ఇన్నాళ్లూ తాకకూడనిది ఆడపిల్లల్ని. ఇప్పుడు మిషన్ని. ప్రగతి అంటే ఇదే.)

డైరెక్టరు గారి తేదీ మారుతూ వచ్చింది. నెలసరి మాత్రం తన తేదీకి కట్టుబడింది.

ప్రారంభ సభలో ధన్యవాదాలు చెప్పే పని తొమ్మిదో తరగతి అమ్మాయికి అప్పగించారు. ఏ పాఠమైనా ఆగకుండా అప్పజెబుతుందని ఆమెను గడగడ అంటారు. మైకు పట్టుకోవడం ఆమెకు అదే మొదటిసారి. ఉపన్యాసం తనే రాసుకుని, ఇంట్లో గరిటె పట్టుకుని నాన్నమ్మకు వినిపించింది. నాన్నమ్మకూ కంఠతా వచ్చేసింది.

సభ రోజు పొద్దున గడగడ బ్యాగును వెనక అడ్డం పెట్టుకుని లెక్కల టీచరు దగ్గరికి వచ్చింది.

"టీచర్, మిషన్లోంచి ఒక్కటి తీసివ్వండి."

"సారు వచ్చేస్తున్నారమ్మా. కాసేపు ఓర్చుకోలేవూ?"

"నేను ఓర్చుకుంటాను టీచర్. అదే ఓర్చుకోవట్లేదు."

టీచరు వెళ్లి హెడ్మాస్టరుకు చెప్పింది. ఆయన మిషను వైపు దిగులుగా చూశారు.

"రిబ్బను విప్పితే మళ్లీ అంత అందంగా కట్టేదెవరండీ?"

గడగడ ఉపన్యాసం కాగితం టీచరు చేతిలో పెట్టి, వీపు గోడకు ఆనించుకుంటూ గేటు దాకా నడిచి, ఇంటికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం డైరెక్టరు గారు వచ్చారు. రిబ్బను కత్తిరించి మీట నొక్కారు. ప్యాడ్ వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. దాన్ని ఎవరికివ్వాలో తోచక ఆయన హెడ్మాస్టరుకు ఇచ్చారు. హెడ్మాస్టరు రెండు చేతులా అందుకుని ఫొటోకు నిలబడ్డారు.

గడగడ బదులు డ్రిల్లు మాస్టారు మైకు అందుకుని, రాసింది తొమ్మిదో తరగతి అమ్మాయని చెప్పి, "ఆడపిల్లలమైన మేము ఇక ఒక్కరోజు కూడా బడి మానము" అని గంభీరంగా చదివారు.

డైరెక్టరు గారికి కళ్లు చెమర్చాయి.

"ఎంత బాగా రాసింది. ఏదీ ఆ పాప, పిలవండి."

"ఇవాళ బడికి రాలేదండీ."

ఆయన నిట్టూర్చారు.

"మనం ఎంత చేస్తే ఏం లాభమండీ? వాళ్లకూ చదువు మీద శ్రద్ధ ఉండాలిగా."