మా బాయిలరు ఓనరుకి ఇంకా నడక రాలేదు

ఓనరంటే పాలు తాగే పసివాడై ఉండాలి. అప్పుడే దేశం బాగుపడుతుంది!

నవ్వకండి. మా తాస్‌కుదుక్ వచ్చి ఒక చలికాలం గడిపి, అప్పుడు నవ్వండి. మా ఊరంతటికీ వేడి పంపే బాయిలరు ఒకటుంది. అక్కణ్ణించి ఇంటింటికీ గొట్టాలు. ఆ బాయిలరు ఓనరు అల్దియార్ గారికి ఇంకా ఏడాది నిండలేదు. పైన రెండు పళ్ళు, కింద రెండు. ఇంత మంచి ఓనరుని నా బతుకులో చూడలేదంటే నమ్మండి.

వెనకటికి కమ్యూనిస్టుల రోజుల్లో బాయిలరు ప్రజలదన్నారు. బాగానే ఉంది. గొట్టం పగిలినప్పుడు ఆ ప్రజలు ఎక్కడుంటారో తెలీక చచ్చాం! ఎవర్నడిగినా "నేను కాదమ్మా, పై వాటాలో అడుగు" అనేవాళ్ళు. ఆ ప్రభుత్వం పోయాక ఆస్తుల్లో మనిషికో వాటా అని కాగితాలు పంచారు. మా ఆయన తన వాటా ఇచ్చేసి ఒక జత బూట్లు తెచ్చుకున్నాడు. తీరా చూస్తే రెండూ ఎడమకాలివే. ఆ తర్వాత ఏదో దీవిలో ఉండే కంపెనీ కొనుక్కుంది. ఆ దీవి ఎక్కడుందమ్మా అని బడి పంతులమ్మని అడిగితే, పటమంతా వెతికి ఈగ రెట్ట పడ్డ చోటు చూపించింది.

ఇప్పుడా బాధ లేదు. ఓనరు కళ్ళెదుటే ఉన్నాడు. బుగ్గ గిల్లొచ్చు. లంచం అడగడు, బిస్కట్టు అడుగుతాడు. విదేశాలకి పారిపోతాడన్న బెంగ లేదు. పాకుతూ ఎంత దూరమని పోతాడు?

పైగా మా గవర్నరు సాగిన్‌బాయ్ గారికి స్వయానా కూతురి కొడుకు. గవర్నరుకి ఆస్తులుండకూడదని మాకు చట్టం. ఆయనకి చట్టమంటే ఎంత భక్తంటే, పడుకునే మంచం కూడా మనవడి పేరునే పెట్టారు. మనవడు సరేనంటేనే దానిమీద నడుం వాలుస్తారు!

చమురు బావులు, చేపల రేవు, బస్టాండు, శ్మశానంలో ఎండ తగిలే వైపు, అన్నీ అల్దియార్ గారివే. వేలంపాట ధర్మంగానే జరిగింది. ఎవరైనా వచ్చి పాడుకోవచ్చన్నారు. పాట జరిగిన గదికి లోపల గడియ వేసుకున్నారు, అంతేగా?

సరే, ఈ ఏడు మంచు ముందే పడింది. బాయిలరు మాత్రం వెలగలేదు.

మా కింది వాటాలో బల్జాన్ అని ఒక పిల్ల ఉంటుంది. మొగుడికి ఎడారిలో బావుల దగ్గర పని, నెలలో సగం రోజులు ఇంటికి రాడు. తొలిచూలు కొడుకు, ఇంకా మెడ నిలవలేదు. ఆ పసివాడి పెదవులు నీలంగా తిరిగాయి. వాణ్ణి నా కోటు లోపల పెట్టుకుని, బల్జాన్‌ని వెంటబెట్టుకుని బాయిలరు ఆఫీసుకి పోయాను.

"ఓనరు గారున్నారా?" అన్నాను మేనేజరుతో.

"పడుకున్నారు మామ్మా."

"ఎప్పుడు లేస్తారు?"

"పాలకి లేస్తారు. కానీ అప్పుడెవరితోనూ మాట్లాడరు."

"మాట్లాడక్కర్లేదు నాయనా. బాయిలరు వెలిగించండి చాలు."

"అదే కుదరదు. కొత్త ఓనరు తన కాళ్ళతో నడిచొచ్చి ప్రారంభించాలి. పైనుంచి ఆర్డరు. ఆయనకింకా నడక రాలేదు."

"నడక రాకపోతే చంకనేసుకు రండి!" అంది బల్జాన్.

మేనేజరు ఉలిక్కిపడ్డాడు. "ఓనరుని చంకనేసుకుంటారా? ఏం మాటలమ్మాయ్ అవి? కాళ్ళ తాడు కోసే పండగ కూడా ఆ రోజే పెట్టుకున్నారు. తాడు కొయ్యకుండా అడుగెలా వేయిస్తారు?"

అదీ నిజమే. మాలో బిడ్డ తొలి అడుగులు వేసేటప్పుడు కాళ్ళకి నలుపూ తెలుపూ కలిపి పేనిన తాడు కడతాం. దాన్ని మంచి మనిషి చేత కోయిస్తాం. కోసినవాళ్ళ నడకే, వాళ్ళ గుణమే బిడ్డకి వస్తుంది. బాయిలరు రిబ్బనూ మనవడి తాడూ ఒకే కత్తెరతో కోయిద్దామని గవర్నరు గారి ఆలోచన. ఎంత పొదుపో చూడండి!

ఇక ఊరంతా ఓనరుకి నడక నేర్పే పనిలో పడింది. ఇంజనీర్లు వచ్చి మోకాళ్ళు పరీక్షించారు. డిప్యూటీ గవర్నర్లు తివాచీ మీద పాకి, లేచి నిలబడి చూపించారు. పాకడం చక్కగా వచ్చింది, నిలబడ్డమే అలవాటు లేదు పాపం. "ఓనరు గారు ఈరోజు కుర్చీ పట్టుకుని లేచారు, మళ్ళీ కూర్చున్నారు" అని టీవీలో చెప్పారు. ఆ వార్తకి చమురు షేర్లు కూడా లేచి కూర్చున్నాయట!

ఈలోగా ఊరి బయట బావుల మీద గ్యాసు మంట ఆకాశాన్ని వెచ్చబెడుతూనే ఉంది. దాని చుట్టూ మంచు నిలవదు. మా గొర్రెలు అక్కడికి పోయి హాయిగా పడుకుంటున్నాయి. వాటికి చట్టం తెలీదుగా! మేం ఇళ్ళల్లో బొచ్చుటోపీలు పెట్టుకుని టీ తాగుతున్నాం. చలికేం తక్కువ? ఈగలుండవు. గుర్రం మాంసం చెడదు. మొగుడూ పెళ్ళాలు ఎంత పోట్లాడుకున్నా ఒక్క దుప్పట్లోనే దూరాలి. ఈ సుఖాలు తెలీక బల్జాన్ కొడుకొక్కడే దగ్గుతున్నాడు.

చివరికి ఓనరు నిలబడ్డాడు. ఇక తాడు కోసేదెవరు? పెద్దలంతా నేనంటే నేనని కొట్టుకున్నారు. నిజానికి అందరికంటే చురుగ్గా నడిచింది సొమ్ము మింగిన మా పాత బ్యాంకు పెద్దాయన. పోలీసులు మెట్లెక్కేలోపు విమానమెక్కాడు. ఆయన రాలేనన్నాడు. గవర్నరు కూతురు తోర్గిన్, అల్దియార్ తల్లి, విసిగిపోయింది. "వీళ్ళెవరి నడకా నా కొడుక్కొద్దు నాన్నా. నాతో పాటు ఊళ్ళో ఇంతమంది పిల్లల్ని పెంచింది, మామ్మ చేత కోయించు" అంది.

అలా కత్తెర నా చేతికొచ్చింది. వెలిగిన బాయిలరు మొదటి వేడి బల్జాన్ కొడుక్కే తగలాలని తల్లినీ బిడ్డనీ కూడా తీసుకుపోయాను. బాయిలరు గదిలో ఓ మూల నిలబడమన్నాను.

ఆ గదిలోనే తివాచీలు పరిచారు. పళ్ళేల నిండా బావుర్సాకులు, అంటే నూనెలో వేయించిన పిండి ఉండలు. మిఠాయిలు గుప్పిళ్ళతో చల్లారు. బిడ్డ ఏది పట్టుకుంటే అదే అవుతాడని ఎదురుగా ఒక పుస్తకం, కొరడా, నోట్ల కట్ట, బంగారు పూత పూసిన బాయిలరు తాళంచెవి పెట్టారు. నేను తాడు కోశాను.

"రా నాన్నా! తాళంచెవి తీసుకో!" అన్నారు గవర్నరు గారు.

ఓనరు అడుగేశాడు. పుస్తకం దాటాడు. నోట్లు దాటాడు. తాళంచెవి వంక చూడనైనా చూడలేదు. తిన్నగా మూలకి పోయి, పసివాడికి చుట్టిన ఒంటెబొచ్చు దుప్పటి పట్టుకుని ఒక్క లాగు లాగాడు!

"అబ్బ, ఏం పట్టు! అచ్చం తాత చెయ్యే!" చప్పట్లు మోగిపోయాయి. గవర్నరు గారు కళ్ళు తుడుచుకున్నారు.

ఆ చలికి పసివాడు కేరుమన్నాడు. అల్దియార్ వాడి మొహం చూశాడు. చేతిలో దుప్పటి చూసుకున్నాడు. మూతి వంకర పోయింది. ఏడుస్తూనే ఆ దుప్పటి మళ్ళీ వాడిమీద వేశాడు. మొహం మీద వేశాడనుకోండి, అయినా వేశాడు. అంతటితో ఆగాడా? తన టోపీ కూడా తీసి పైన పెట్టాడు!

చప్పట్లు ఆగిపోయాయి.

"ఇదేమిటి? తిరిగిచ్చేశాడేమిటి?" అన్నారు గవర్నరు గారు.

"పసివాడు నాన్నా," అంది తోర్గిన్.

"ఇవాళ దుప్పటిస్తాడు, రేపు బావులిస్తాడు! మన వంశంలో ఉందా ఈ జబ్బు?" ఉన్నట్టుండి నా వైపు తిరిగారు. "మామ్మా, నిజం చెప్పు. తీసుకున్నది తిరిగిచ్చే అలవాటు నీకుందా?"

"గిన్నె ఎరువు తెచ్చుకుంటే తిరిగివ్వనా బాబూ?"

"చూశారా! చూశారా!" అని మేనేజరు నెత్తి కొట్టుకున్నాడు. "ఆరా తీయకుండా తాడు కోయించాం!"

బాయిలరు వెలగకుండానే తాళంచెవి మళ్ళీ గవర్నరు గారి జేబులోకి పోయింది.

తెల్లారేసరికి అల్దియార్ గారిని అన్ని పదవుల్లోంచీ తప్పించారు. బావులు, రేవు, బాయిలరు అన్నీ తోర్గిన్ కడుపులో ఉన్న రెండో బిడ్డ పేరుకి మారాయి. ఆ బిడ్డ పుట్టాక, నడిచాక ప్రారంభోత్సవం. ఈసారి తాడు కోసేవాళ్ళని పోలీసులు ముందే విచారిస్తారట.

ఇంత మచ్చలేని ఓనరు ఏ దేశానికి దొరుకుతాడు చెప్పండి? ఇంతవరకూ ఎవరికీ ఏదీ తిరిగిచ్చి ఎరగడు. ఊళ్ళో అందరికంటే వెచ్చటి చోట ఉన్నాడు గనక బాయిలరుకి తొందరపడడు. నిండుగా దీవించాను.

తప్పంతా బల్జాన్ కొడుకుది. రాత్రినుంచి ఒళ్ళు కాలిపోతోంది. మా ఇద్దరి ఒళ్ళూ మార్చి మార్చి ఆనిస్తున్నాం. మూడు కోట్లు కప్పినా వాడి పాదాలు మంచుముక్కలే. ఎవరేం చేస్తారు? పుట్టేముందు ఏ కడుపో చూసుకోవద్దూ?