మహాతల్లి ముడుచుకున్న ఆదివారం

ఆ ఆదివారానికి కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆలస్యంగా లేవాలి. కాఫీ గ్లాసు పట్టుకుని హాల్లో అద్దాల తొట్టి ముందు కుర్చీ వేసుకోవాలి. భార్య పరీక్షల డ్యూటీ ముగించుకుని భోజనాల వేళకి వచ్చేదాకా తన చేపను తాను చూసుకుంటూ కూర్చోవాలి. వారమంతా తన కళ్ళజోళ్ళ దుకాణంలో ఊరివాళ్ళ కళ్ళల్లోకి చూసీ చూసీ విసిగిపోయిన మనిషికి, "ఇంకా మసగ్గానే ఉందండీ" అని సణగని కళ్ళను ఒక్క పూట చూడాలనిపించడం నేరమేమీ కాదు.

ఆ తొట్టి సంగతి కాస్త చెప్పాలి. అందులో ఉన్నది ఉత్త నీళ్ళు కాదు, చిన్న సైజు సముద్రం. ఉప్పునీళ్ళు, ఎప్పుడూ గుర్రుగుర్రుమనే పంపు, నీలం లైటు, మధ్యలో రాళ్ళ గుట్ట, ఆ రాళ్ళ మీద ప్రాణమున్న పగడాలు. పగడాలు భార్యవి, చేపలు భర్తవి. భార్య హైస్కూల్లో రసాయన శాస్త్రం చెబుతుంది. నీళ్ళలో ఉప్పెంత, సున్నమెంత అని గాజు గొట్టాలు పట్టుకుని పరీక్షిస్తూ ఉంటుంది. ఆ శ్రద్ధలో సగం తన మీద పెడితే తన రక్తపోటు ఎప్పుడో దిగొచ్చేదని భర్తగారి ఫిర్యాదు.

పగడాలన్నిట్లోకీ ఆవిడకి ప్రాణం, ఇసుకలో నడిమధ్య కూర్చున్న ఒక పెద్ద పగడం. విప్పుకుంటే పళ్ళెమంత ఉంటుంది. ఆకుపచ్చటి మెత్తటి ఒళ్ళు, అంచుల్లో ఊదారంగు. కొనుక్కొచ్చినప్పుడు అది చిన్న బిళ్ళంత. ఆవిడే పెంచింది. "చిట్టితల్లీ" అని పిలుచుకుంటుంది. ఆవిడ వినలేనంత దూరంలో ఉన్నప్పుడు భర్త దాన్ని "మహాతల్లి" అంటాడు.

ఆయన ప్రాణమంతా ఒక ఏంజెల్ చేప మీద ఉంది. నిప్పురంగు ఒళ్ళు, నల్లటి నిలువు చారలు, రెక్కల చివర నీలం అంచు, నడకలో జమీందారీ ఠీవి. అందుకే దానికి దొరబాబు అని పేరు. దాన్ని కొనే రోజున చేపల కొట్టువాడు ముందే చెప్పాడు. "ఏంజెల్ చేపకీ పగడాలకీ పడుతుందా అంటే, అత్తాకోడళ్ళకి పడుతుందా అని అడిగినట్టే సార్. కొన్ని ఇళ్ళల్లో పడుతుంది. కొన్ని ఇళ్ళల్లో కొరుక్కుతింటారు. ముందుగా ఎవడూ చెప్పలేడు."

ఎన్నో ఏళ్ళు బతిమాలించుకున్నాక భార్య సరేనంది, ఒక్క షరతు మీద. "నా చిట్టితల్లి జోలికి వచ్చిన రోజున మీ దొరబాబు కొట్టుకి తిరుగు ప్రయాణం. కన్నీళ్ళు పెట్టుకోకూడదు, కాళ్ళు పట్టుకోకూడదు."

ఆదివారం పొద్దున కాఫీ గ్లాసుతో వచ్చి కూర్చున్న కళ్ళజోళ్ళాయన మొదటి గుక్క మింగలేకపోయాడు. మహాతల్లి ముడుచుకుపోయి ఉంది. పళ్ళెమంత ఉండాల్సింది పిడికిలంత అయ్యి, మెత్తటి ఒళ్ళంతా అడుగునున్న రాతి ఎముకలోకి లాగేసుకుని కూర్చుంది. దాని పక్కనే, జానెడు దూరంలో, దొరబాబు ఏమీ ఎరగనట్టు అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు.

"ఎంత పని చేశావురా!" అన్నాడాయన.

దొరబాబు ఒక బుడగ వదిలాడు.

భార్య రావడానికి ఇంకా ఒక పూట ఉంది. ఆలోగా దొరబాబును పట్టి, చిల్లుల డబ్బాలో పెట్టి, ఒక మూల వేలాడదీస్తే మహాతల్లి అలక తీరి మళ్ళీ విప్పుకుంటుంది. ఆవిడ వచ్చేసరికి అంతా మామూలే. ఇదీ ఆయన లెక్క. ఆయన వలను నీళ్ళలో పెట్టాడు. వల నీళ్ళకి తగిలీ తగలకముందే దొరబాబు రాళ్ళ సందుల్లోకి మాయమయ్యాడు. ఎవరూ అడగని రెండు చిన్న చేపలు మాత్రం వాటంతట అవే వచ్చి వలలో కూర్చున్నాయి.

గంట తంటాలు పడ్డాక ఆయన బావమరిదికి ఫోన్ చేశాడు. బావమరిది అగ్నిమాపక దళంలో పనిచేస్తాడు. నీళ్ళకి సంబంధించినంతవరకూ తనకి తెలియనిది లేదని అతని నమ్మకం.

"నీళ్ళ పని నాకొదిలెయ్ బావా," అంటూనే లోపలికొచ్చి చొక్కా చేతులు పైకి మడిచాడు. "చేప దాక్కునేది నీళ్ళలో. నీళ్ళు తీసేస్తే ఎక్కడ దాక్కుంటుంది?"

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటారే, అది మంటలార్పేవాడి సలహా మీద జరగడం మాత్రం అరుదు. గొట్టం ఒక కొస తొట్టిలో వేసి, రెండో కొస నోట్లో పెట్టుకుని బావమరిది గట్టిగా పీల్చాడు. అరగ్లాసు సముద్రం మింగి, కళ్ళు తేలేసి, గొట్టం వదిలేశాడు. అది పాములా గెంతి సోఫాను, టీపాయిని, ఆదివారం పేపరును తడిపి, చివరికి బకెట్లో పడింది.

ఈ గోల విని వంటింట్లోంచి కళ్ళజోళ్ళాయన తల్లి తొంగిచూసింది. ఏడాది కిందట చిన్నకొడుకు ఇంటి నుంచి వచ్చి ఇక్కడే ఉంటోందావిడ. "రాళ్ళకి చాకిరీ చేసే కొంపని ఇక్కడే చూశాను" అని తొట్టి మీద విసురు విసరని రోజు లేదు.

"ఏమిట్రా ఇది?"

"ఏం లేదమ్మా, శుభ్రం చేస్తున్నాం," అన్నాడు కొడుకు. తల్లికి చెబితే కోడలికి చేరుతుంది, కోడలికి చేరితే దొరబాబుకి నూకలు చెల్లుతాయి.

ఆవిడ వంటింటి గుమ్మం దాటలేదు. తలుపు చాటున నిలబడింది. అటువైపు చూడకుండా బావామరుదులు మాట్లాడుకుంటున్నారు.

"మీ అక్క షరతు తెలుసుగా," అన్నాడు కళ్ళజోళ్ళాయన దిగులుగా. "ఆ మహాతల్లిని ముట్టుకున్నవాళ్ళు ఎవరైనా సరే, ఇక ఈ ఇంట్లో చోటు లేదు. ఇవాళే సాగనంపాలి. జాలీ గీలీ కుదరదంది."

"పాపం, అలవాటుపడిన ఇల్లు కదా బావా. ఎక్కడికి పంపిస్తావ్?"

"ఇంకెక్కడికి, వచ్చినచోటికే."

గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు, తలుపు చాటున ఆ పెద్దావిడ తన కుడిచెయ్యి చూసుకుంది. చూపుడువేలు చివర ఇంకా కాస్త ఉప్పు అంటుకుని ఉంది. ఆవిడ దాన్ని చీరచెంగుకి తుడుచుకుని, చప్పుడు చెయ్యకుండా తన గదిలోకి వెళ్ళి, మంచం కింది సంచీ బయటికి లాగింది.

హాల్లో పని జోరుగా సాగుతోంది. నీళ్ళు సగానికి దిగినా దొరబాబు కనపడలేదు. "రాళ్ళు కూడా తీసేద్దాం," అన్నాడు బావమరిది. ఒక్కో రాయే బయటికొచ్చింది. పగడాలున్న రాళ్ళు బకెట్లలోకి, మిగతావి బట్టల టబ్బులోకి, టబ్బు నిండాక వంటింటి గిన్నెల్లోకి వెళ్ళాయి. అన్నిటికన్నా పెద్ద రాయి, ఒళ్ళంతా బొరియలున్నది, దేంట్లోనూ పట్టలేదు.

"అమ్మా, నీ డేగిసా ఓసారి ఖాళీ చేసి ఇటియ్యి!" అని కేకేశాడు కొడుకు.

ఆ డేగిసా ఆవిడకి పుట్టింటివాళ్ళు ఇచ్చింది. ఏ కొడుకు ఇంటికి వెళ్ళినా వెంట తీసుకెళ్ళేది. ఇంకా తను గుమ్మం దాటనేలేదు, అప్పుడే గిన్నెలు పంచుకుంటున్నారు! ఆవిడ దాన్ని తెచ్చి వాళ్ళ ముందు పెట్టి వెళ్ళిపోయింది. బావమరిది రాయిని అందులో దించి, నీళ్ళు పోసి, మూతపెట్టి, వంటింటి గట్టు మీద పెట్టొచ్చాడు.

ఇక తొట్టిలో మిగిలింది బెత్తెడు నీళ్ళు, ఇసుక, ముడుచుకున్న మహాతల్లి. దొరబాబు లేడు. కొండను తవ్వి ఎలుకను పట్టినవాణ్ణి లోకం నవ్వుతుంది గానీ, వాడికి కనీసం ఎలుకైనా దొరికింది.

"గొట్టంలోంచి పోయాడేమో బావా," అన్నాడు బావమరిది మెల్లగా.

"గొట్టం కొస ఎక్కడుంది?"

ఇద్దరూ స్నానాలగది కేసి చూశారు. మొదట్లో బకెట్లు నిండిపోయాక కొన్ని నీళ్ళు అటే పారించారు. కళ్ళజోళ్ళాయన తడి సోఫాలో కూలబడ్డాడు. ఒక్కసారిగా ఆయనకి ఏడుపొచ్చింది. సాయంత్రం దుకాణం మూసి ఇంటికి రాగానే అద్దం దగ్గరికి పరుగెత్తుకొచ్చి తనను పలకరించే ప్రాణి అదొక్కటే. అది పగడాన్ని కొరికితే మాత్రమేం, దానికోసం ఇంకో తొట్టి కొనుక్కోవాల్సింది.

సరిగ్గా అప్పుడే భార్య తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

ఆవిడ చూసింది ఇది. హాలంతా ఉప్పునీళ్ళు. సోఫాలో ఏడుస్తున్న మొగుడు. మోకాళ్ళదాకా ప్యాంటు మడిచిన తమ్ముడు. ఖాళీ తొట్టి. వీటన్నిటికీ ఆవల, సంచీ చేత్తో పట్టుకుని, చెప్పులేసుకుని సిద్ధంగా నిలబడ్డ అత్తగారు.

ఆవిడ తొట్టి వైపు వెళ్ళలేదు. నేరుగా అత్తగారి దగ్గరికి వెళ్ళింది.

"అత్తయ్యా, సంచీ ఏమిటి? ఎక్కడికి?" అని, మొగుడి వైపు తిరిగింది. "అత్తయ్యని ఏమన్నారు?"

"నేనా? నేనేమన్నాను!"

"వాణ్ణేమీ అనకమ్మాయ్," అంది పెద్దావిడ. "తప్పు చేసింది నేను. నీ చిట్టితల్లిని రోజూ ముట్టుకుంటున్నది నేనే. మీరంతా వెళ్ళిపోయాక స్టూలెక్కి ఒక్కసారి వేలు పెడతాను. ముడుచుకుంటుంది. కాసేపటికి మళ్ళీ మెల్లగా విప్పుకుంటుంది. పొద్దుటి నుంచి సాయంత్రందాకా ఈ ఇంట్లో నన్ను పలకరించేది అదొక్కటే కదా. వాడివాళ లేవకముందే కానిచ్చేశాను. షరతు విన్నాను. చిన్నాడికి వస్తున్నానని చెప్పేశాను."

కళ్ళజోళ్ళాయన తడి సోఫాలోంచి ఒక్క ఉదుటున లేచాడు.

"ఆ షరతు దొరబాబుకమ్మా!" అని అరిచాడు కొడుకు. అరిచాక అసలు సంగతి బుర్రకెక్కింది. "అంటే... వాడు ఏ పాపమూ ఎరగడు! ఏ పాపమూ ఎరగనివాణ్ణి నేను స్నానాలగది పాలు చేశాను!"

"దొరబాబు పోయాడా?" అంటూ భార్య తొట్టి వైపు తిరిగింది. "వాడు పగడాన్ని ఎందుకు ముట్టుకుంటాడండీ? కడుపు ఖాళీగా ఉంటేగా! రోజూ స్కూలుకి వెళ్ళేముందు పిడికెడు తిండి వేసి వెళ్తున్నానే!"

"నువ్వా? పొద్దున్నే నేను వేస్తున్నాను కదా!"

"అలాగా," అంది పెద్దావిడ. "నేనూ వేస్తున్నాను. చిక్కిపోయాడనిపించింది."

దొరబాబును సాగనంపుతానని బెదిరించిన భార్యే కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. ఆవిడ అత్తగారి చేతిలోంచి సంచీ లాక్కుని లోపల పెట్టేసింది. "రేపట్నుంచి వేలు పెట్టకండి అత్తయ్యా. పిచికారీ ఇస్తాను, దాంతో తిండి అందించండి. వేలు పెడితే ముడుచుకుంటుంది, తిండి పెడితే విప్పుకుంటుంది. చిట్టితల్లి మధ్యాహ్నం భోజనం ఇక మీదే. స్కూల్లో కూర్చుని దానికి ఆకలేస్తోందేమోనని నేనే బెంగపడుతుంటాను."

పెద్దావిడకి ఆ మాట ఎంత నచ్చిందంటే, దాచుకోవడానికి కూడా చేతకాలేదు. "సరే గానీ, ముందు నా డేగిసా నాకిచ్చెయ్యండి," అంటూ వంటింట్లోకి వెళ్ళి మూత తీసింది. "ఒరేయ్! ఇలా రండ్రా!"

పెద్ద రాయి బొరియలోంచి దొరబాబు సగం బయటికొచ్చి, ఇంత ఆలస్యమా అన్నట్టు ఆవిడ ముఖంలోకి చూస్తున్నాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. పట్టుకుని మోసుకొచ్చింది, మూతపెట్టింది, గట్టు మీద కూర్చోబెట్టింది అన్నీ తనేనని గుర్తొచ్చి బావమరిది తుడుపుగుడ్డ కోసం వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి రాళ్ళు రాళ్ళ చోటికి, నీళ్ళు నీళ్ళ చోటికి చేరాయి. భార్య, పారబోసిన నీళ్ళకి బదులు కొత్తగా ఉప్పు కలిపి పోసి, గాజు గొట్టాలతో పరీక్షించి, పరవాలేదంది. పంపు మళ్ళీ గుర్రుమంది. నలుగురూ తొట్టి ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. పెద్దావిడ పిచికారీని రెండు చేతులా పట్టుకుని, పసిపిల్లకి పాలు పట్టినంత జాగ్రత్తగా మహాతల్లి మీదికి తిండి వదిలింది. కాసేపు ఏమీ జరగలేదు. తరవాత ఒక అంచు కదిలింది. ఊదారంగు మెల్లగా బయటికొచ్చింది. చూస్తుండగానే పళ్ళెమంత విప్పుకుంది.

"నన్ను గుర్తుపట్టింది," అంది పెద్దావిడ. ఆ పగడానికి కళ్ళూ మెదడూ లేవని చెప్పగలిగిన రసాయన శాస్త్రం టీచరు, "అవునత్తయ్యా, గుర్తుపట్టింది" అంది.

ఆ తొట్టిలోకే దొరబాబును సకల మర్యాదలతో తిరిగి దించారు. కళ్ళజోళ్ళాయన అద్దానికి చెయ్యి ఆనించి క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. అయితే పొద్దుటి హడావిడిలో ముగ్గురూ మరిచిపోయి, ఆ తరవాత భార్య పెట్టి ఉంటుందని భర్త, భర్త పెట్టి ఉంటాడని తల్లి, ఎవరో ఒకరు పెట్టే ఉంటారని భార్య అనుకోవడంతో, దొరబాబుకి పొద్దుటి నుంచి ఎవరూ మెతుకు విదల్చలేదు. వాడు ఠీవిగా ఒక చుట్టు తిరిగి, మహాతల్లి ముందు ఆగి, ఊదారంగు అంచును ఒక్క కొరుకు కొరికాడు.

భార్య పైన తిరుగుతున్న ఫ్యానును పరీక్షగా చూసింది. బావమరిది దగ్గాడు. "నాకు దూరపు చూపు ఆనదురా" అంది తల్లి. కళ్ళజోళ్ళాయన తన జోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. ఊరందరి చూపూ సరిచేసే ఆయన, తన ఇంట్లో నలుగురికీ ఒకేసారి చూపు మందగించినందుకు ఏమాత్రం దిగులుపడలేదు.