అద్దాలు పాసయ్యాయి

మలయ్ దేశంలో బంటింగ్ దగ్గర రబ్బరు చేతితొడుగులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో కార్మికుల మోటారు సైకిళ్లకు వార్షిక భద్రతా తనిఖీ ఈ ఏడాది కూడా దిగ్విజయంగా ముగిసింది. ప్రభుత్వం అడగని పనిని తనంతట తానే నెత్తిన వేసుకున్న యాజమాన్యాన్ని ఎంత పొగిడినా తక్కువే. తనిఖీలో నెగ్గిన బండికి పచ్చ స్టిక్కరు అంటిస్తారు. స్టిక్కరు ఉన్న బండి గేటు లోపల రేకుల నీడలో నిలుస్తుంది. లేని బండి బయట రోడ్డు పక్కన ఎండకూ, వానకూ, దొంగలకూ అందుబాటులో ఉంటుంది.

అక్కడ మెషీను నడిపే కృష్ణకుమార్‌కు స్టిక్కరుకు మించిన చిక్కు వచ్చిపడింది. అతని బండి తండ్రి నాటిది. కిందటి నెల బ్రేకు పడక, వెనక కూర్చున్న భార్య ఇందిరతో సహా మురుగుకాలువలో దిగింది. అదే ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేసే ఇందిర బురదతో గట్టెక్కి అక్కడికక్కడే ఒట్టు పెట్టుకుంది.

"నా పానమంటే నీకు లెక్క నేదేటి? ఈ బండి బాగయ్యేదాకా నీ ఎనకాల కూకోను. బస్సుకే పోతాను లా."

మాట చివర అక్కడి మలయ్ ఊతపదం 'లా' కూడా తగిలించి, అన్నట్టే బస్సెక్కింది. వెనక సీటు ఖాళీగా గేటు ముందు దిగేటప్పుడు తోటివాళ్లు చూసే చూపుకు కృష్ణకుమార్‌కు తల కొట్టేసినట్టయ్యేది. ఎలాగైనా ఇందిర మళ్లీ ఆ సీటు మీద కూర్చోవాలి. అంతకు మించి అతనికి ఏ కోరికా లేదు.

ఆ దిగులుతో మనిషికి మతి చెడింది. తనిఖీ వస్తోందంటే లోకం బండి కడుగుతుంది, ఇతను బండి బాగుచేయడం మొదలుపెట్టాడు. బ్రేకులు, గొలుసు, టైర్లు అన్నీ మార్చేశాడు. ఖాళీ రోడ్డు మీద జోరుగా పోయి బ్రేకు నొక్కి, బండి టక్కున ఆగితే పసివాడిలా నవ్వుకున్నాడు. చివరికి కొత్త అద్దాల జత కూడా బిగించాడు.

ఇందిర అన్న ముత్యాలుదీ అదే ఫ్యాక్టరీ. లోకజ్ఞానం గలవాడు. ఆయన బండికి బ్రేకులు లేవు కానీ ఆయనకు రెండు కాళ్లున్నాయి. అవి నేలకు రాస్తే బండి కాసేపటికి ఆగుతుంది. తనిఖీ కోసం ఆయన బండికి షాంపూతో తలంటు పోశాడు. సీటుకు కొబ్బరినూనె రాశాడు. హెడ్‌లైటుకు కుంకుమబొట్టు పెట్టి, చక్రాలతో నిమ్మకాయలు తొక్కించాడు. ఇక అద్దాలొక్కటే లోటు. తనిఖీ రోజు పొద్దున్నే కృష్ణకుమార్ ముంగిట్లో ప్రత్యక్షమయ్యాడు.

"బావా, నీ అద్దాలు ఓపాలి ఇయ్యి. నా బండి సూపించేసి ఎంటనే తెచ్చేత్తాను."

"నా వంతు కూడా వత్తాది కదా బావా."

"ఏటి బావా! సెల్లెల్నే ఇచ్చినోణ్ణి, అద్దాలు అడిగితే ఆలోసిత్తావేటి?"

ఈ వాదానికి మన తెలుగువాళ్లలో ఇంతవరకూ జవాబు పుట్టలేదు. కృష్ణకుమార్ స్వహస్తాలతో అద్దాలు విప్పి ఇచ్చాడు.

భద్రతాధికారి పకీరిసామి మలయ్ భాషలో ప్రారంభోపన్యాసం చేశారు. "భద్రత మన ఊపిరి. ఈ తనిఖీ వల్లే మన కార్మికులు ఉదయం వచ్చి సాయంత్రం ఇళ్లకు వెళ్లగలుగుతున్నారు" అన్నది దాని సారాంశం. అనంతరం అద్దాలు, దీపాలు, హారను, నంబరు ప్లేటు, మెరుపు క్షుణ్ణంగా పరిశీలించబడ్డాయి. ముత్యాలు బండి నెగ్గింది. అద్దాలు విప్పుతుండగా ఆయన వియ్యంకుడు అడిగాడు. వియ్యంకుణ్ణి కాదనడం ఎలా? వియ్యంకుణ్ణి ఆయన తోడల్లుడు అడిగాడు. చుట్టరికం ఎంతదూరం పోయిందో అద్దాలూ అంతదూరం పోయి, వెళ్లిన ప్రతి బండి మీదా పాసయ్యాయి.

కృష్ణకుమార్ వంతు వచ్చేసరికి అవి ఎవరి బండి మీద ఉన్నాయో ముత్యాలుకే తెలియదు. బోసిగా నిలబడ్డ బండిని చూసి పకీరిసామి మొహం చిట్లించారు.

"సార్, ఒక్కసారి బ్రేకు చూడండి" అని కృష్ణకుమార్ బతిమాలాడు.

"బ్రేకు చూడాలంటే బండి నడపాలి. తనిఖీ నెగ్గని బండిని ఆవరణలో నడపడం భద్రతా నిబంధనలకు విరుద్ధం" అని పకీరిసామి సెలవిచ్చారు. ఆ తర్కానికి చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ బండి ఫొటో తీసి, "ప్రమాదకర వాహనం" అన్న శీర్షికతో నోటీసు బోర్డు మీద అంటించారు.

సాయంత్రం గేటు బయట కృష్ణకుమార్ భార్య కోసం కాచుకున్నాడు. "ఇందిరా, కూకో. బ్రేకులు ఎలా పడతన్నాయో నువ్వే సూద్దువు గాని."

"ఆపీసోళ్లే పనికిరాదని బోర్డుమీద ఏసిన బండెక్కడానికి నాకేటి పిచ్చా?" అని ఇందిర వెళ్లి, పచ్చ స్టిక్కరు మెరుస్తున్న అన్న బండి వెనక కూర్చుంది. కృష్ణకుమార్‌కు నిజంగానే ఏడుపొచ్చింది.

చినుకులు పడుతున్నాయి. ముందు కృష్ణకుమార్, వెనక ముత్యాలు. ఊళ్లో సిగ్నలు దగ్గర ఎర్రదీపం పడింది. కృష్ణకుమార్ బ్రేకు నొక్కాడు, బండి ఆగింది. ముత్యాలు రెండు కాళ్లూ దించాడు. తడి రోడ్డు మీద కాళ్లు చేయగలిగినంతా చేశాయి. ఆయన బండి వచ్చి బావ బండిని గుద్దింది. ముత్యాలు మోకాలు, ఇందిర మోచెయ్యి చెక్కుకుపోయాయి.

"బుద్దున్నోడెవడైనా అలాగ టక్కున ఆపుతాడేటి? ఎనకోడు ఏటైపోవాల?" అని ముత్యాలు లేచి అరిచాడు. మూగినవాళ్లు ఒకసారి స్టిక్కరునూ, ఒకసారి స్టిక్కరు లేని బండినీ చూసి తల ఊపారు. మోచెయ్యి పట్టుకుని ఇందిర కూడా ఊపింది.

ఫ్యాక్టరీ విచారణ నివేదిక కూడా అదే తేల్చింది. "అర్హత లేని వాహనం అకస్మాత్తుగా ఆగుట వలన అర్హత గల వాహనమునకు ప్రమాదము సంభవించినది."

కృష్ణకుమార్ తప్పు తెలుసుకున్నాడు. అరువు అద్దాలతో మరుసటి వారం పునఃతనిఖీకి వెళ్లి స్టిక్కరు తెచ్చుకున్నాడు. ఇంటికొచ్చి బ్రేకులు వదులు చేశాడు. ఇప్పుడతని బండి కూడా అందరి బండ్లలాగే మర్యాదగా, నిదానంగా ఆగుతోంది. ఇందిర వెనక నిశ్చింతగా కూర్చుంటోంది.

మీరు ఎప్పుడైనా ఆ దారిన వెళితే, వెనక వచ్చే బండికి పచ్చ స్టిక్కరు ఉందో లేదో చూసుకోండి. ఉంటే మీకు ఏ భయమూ లేదు. మీరు ఎక్కడా ఆగకుండా ఉంటే చాలు.