గమ్‌బూట్ల జంట

వరదకు ఐసు రింకు పైకప్పు కూలిపోయిన ఏడాది అది. చలికాలం వచ్చినా కప్పు వేయలేదు, డాన్సు పాఠాలన్నీ ఆరుబయటే. వాటినీ ఆపేసి, పొద్దుటి వేళంతా హాకీ వాళ్ళకు ఇచ్చేద్దామని రింకు కమిటీ ఆలోచన. ఆ ఉదయం వచ్చి కోచమ్మ శిష్యుల డాన్సు చూసి తేలుస్తామన్నారు. డాన్సు తొమ్మిదింటికి. నచ్చకపోతే ఆమె పాఠాలకు మంగళమే.

కోచమ్మ ఒకప్పుడు బ్లేడు బూట్లతో ఐసు మీద జంటగా ఆడి పతకాలు మోసుకొచ్చిన డాన్సరు. మోకాలు మొరాయించాక ఏళ్ళ తరబడి గోడ పక్కన నిలబడి కేకలేయడమే ఆమె పని. ఐసు మీద వేణ్ణీళ్ళు పోసి చదును చేసే బండిని నడిపేది ఆమె అక్క మొగుడు. అంతకుముందు ఊళ్ళు తిరుగుతూ లారీ తోలేవాడు కాబట్టి, మరదలి ఆట ఒక్కసారైనా చూడలేదు. ఆమె గొప్పదని విన్నాడు గానీ, అత్తవారి గొప్పల్ని సగానికి తగ్గించుకుని వినడం అతనికి అలవాటు.

జంట మధ్య గాలి కూడా దూరకూడదని కోచమ్మ నేర్పేటప్పుడు ఇద్దరి నడుములకూ కలిపి ఒక గుడ్డ పట్టీ కట్టేది. శిష్యులు వచ్చేలోగా ఆట సాగే దారి ఒకసారి చూసుకుందామని, తను బ్లేడు బూట్లు తొడుక్కుని, రబ్బరు గమ్‌బూట్లతో ఉన్న బావను పిలిచింది.

“బావా, కాసేపు స్తంభంలా నిలబడు.”

“పెళ్ళయిన దగ్గర్నుంచీ మీ ఇంట్లో నా ఉద్యోగం అదేగా!”

పట్టీ కాస్తా అప్పుడే పోసిన నీళ్ళలో పడింది. అతను పిండకుండానే ఇద్దరి నడుములకూ కట్టేశాడు. చలికి ముడి రాయిలా గడ్డకట్టింది.

“విప్పు బావా.”

“రావట్లేదు.”

“అసలేం ముడేశావు?”

“లారీ ముడి. సరుకు జారకుండా.”

అంతలో కమిటీ రానే వచ్చింది. అధ్యక్షుడు ఎప్పుడూ గంట ఆలస్యం చేస్తాడని, కమిటీకి తొమ్మిదిని ఎనిమిదని చెప్పి ఉంచింది బావే. ఆయన ఆ ఒక్కరోజే వేళకు వచ్చాడు. కమిటీని చూడగానే రింకులో పాటలు పెట్టే కుర్రాడు కంగారుపడి పాట పెట్టేశాడు.

“మోకాళ్ళు వంచు. నోరు ముయ్యి,” అంది కోచమ్మ.

తర్వాత జరిగింది బావకు కలలా ఉంది. గోడ దగ్గర కుంటుతూ నడిచే మనిషి ఐసు మీద గాలిలా సాగిపోయింది. బ్లేడు గీసిన గీత సన్నగా, తడబాటు లేకుండా వంపు తిరిగింది. బస్తాలాంటి తనను ఆమె నడుముతోనే తిప్పుతోంది. అతని కాళ్ళు ఎటు పోయినా అటే ఆట మళ్ళుతోంది. మూల మలుపులో ఆమె ఒంటికాలి మీద వెనక్కి వాలింది. అతను “అమ్మో!” అని అరవబోయి, అరవడం మర్చిపోయి, అలా చూస్తుండిపోయాడు. పాట ఆగింది.

ముందుగా అధ్యక్షుడే తేరుకున్నాడు. “జంటలో ఒకరికి బ్లేళ్ళే లేని డాన్సు! ఆ పెద్దాయన భయం నటించాడు చూశారూ, అచ్చం నిజంలా ఉంది! పొద్దుటి వేళ మీకేనమ్మా. కానీ కొత్త కప్పు కింద తొలి ఆట ఈ జంటదే కావాలి.”

కోచమ్మ నిజం చెప్పబోయింది.

“ఆడతామండీ,” అనేశాడు బావ.

“నీకు మతిపోయిందా?”

“పోయింది. ఇందాక, ఆ మలుపు దగ్గర.”

మర్నాడు పొద్దున్నే అతను బ్లేడు బూట్లు అరువు తెచ్చుకుని చిన్నపిల్లల తరగతిలో చేరాడు. పక్కనున్న పాప జాలిపడి చెయ్యి అందిస్తే పట్టుకున్నాడు గానీ, గోడను మాత్రం వదల్లేదు.