సర్వే ఆఫీసులో ఇస్త్రీ పెట్టె

ఆ ఉదయం దర్జీ అత్త పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నంలోగా ఆరు చొక్కాలకు కాజాలు కుట్టి, ఇస్త్రీ చేసి పంపెయ్యాలి. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె అత్తే. ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు రాజుకుంటుండగా సర్వే ఆఫీసు బంట్రోతు వచ్చి నోటీసు చేతిలో పెట్టాడు. పాత పటం ప్రకారం ఆమె కొట్టున్న చోట ఒకప్పుడు సందు ఉండేదట. పది రోజుల్లో కొట్టు తీసెయ్యాలట.

"పోనీలే, ఇంకోచోట చూసుకుందాం," అన్నాడు భర్త నీరసంగా.

"ఎక్కడ చూస్తారు? ముప్పై ఏళ్ళుగా అన్నం పెట్టిన కొట్టండీ ఇది! ఆ పటమేదో నా కళ్ళతో చూసేదాకా మేకు కూడా పీకనివ్వను."

కోపంలో చేతిలో ఉన్న ఇస్త్రీ పెట్టెతోనే బయల్దేరింది. భర్త చొక్కాలు చంకన పెట్టుకుని వెనకాలే పరుగెత్తాడు.

సర్వే అధికారి పటాన్ని బల్ల మీద పరిచాడు. వందేళ్ళనాటిది, గుడ్డకు అతికించిన దళసరి కాగితం. "ఈ గోధుమరంగు గీతే సందు. పటం చెప్పాక నేను చేసేదేం లేదమ్మా."

అత్త వంగి చూసింది. ఆ గీత తిన్నగా కొండెక్కి, ఏట్లో దిగి, ఎక్కడా వంపు తిరక్కుండా ఆమె కొట్లో దూరింది.

"ఇది సందా? మడతండీ! ఏళ్ళతరబడి మడిచి పెడితే మట్టి పట్టింది. దాన్నే మీవాళ్ళు సందనుకున్నారు."

"మడతని మీరెలా చెప్తారు?"

"నేను కాకపోతే ఎవరు చెప్తారు?"

అతను వద్దంటుండగానే పటం మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టె నడిపించేసింది. గది నిండా ఆవిరి, బొగ్గు పొగ. కిటికీలోంచి పొగ రావడం చూసి బయటున్న బంట్రోతు, ఆఫీసు అంటుకుందని ఫోను చేసేశాడు.

గుడ్డ తీస్తే గీత దానికే అంటుకొచ్చింది. దాని కింద, సరిగ్గా కొట్టున్న చోట, చిన్న అక్షరాలు తేలాయి: "నేతగాళ్ళ ఇళ్ళు." అత్త ఆ అక్షరాలను వేలితో తడిమింది. ఆమెకు ముందూ అక్కడివాళ్ళు గుడ్డనే నమ్ముకుని బతికారన్నమాట.

వేడికి బంక వదిలి, పటం మూలన అంటించిన ముక్క కూడా ఊడొచ్చింది. ముక్క మీద సర్వే ఆఫీసు ఉంది. ముక్క కింద చెరువు ఉంది. చెరువులో "పూడ్చరాదు" అని ముచ్చటైన దస్తూరీ ఉంది.

"ముందు ఆ ముక్క అంటించండి!" అధికారికి ముచ్చెమటలు పోశాయి.

"ముట్టుకున్నారంటే ఊరుకోను. పటం చెప్పాక మీరు చేసేదేం లేదన్నారుగా?"

అంతలో ఫైరింజన్ వచ్చింది. ఫైరాఫీసరు లోపలికి దూసుకొచ్చాడు. "దగ్గర్లో నీళ్ళెక్కడున్నాయి?"

అత్త పటం చూపించింది. "మనం నిలబడ్డది చెరువులోనే బాబూ. ఎన్ని కావాలంటే అన్ని తోడుకో."

అతను పటాన్ని తీరిగ్గా చూసి, "మంట కనబడలేదు, చెరువు కనబడింది" అని రిపోర్టు రాసి పైకి పంపాడు.

వారం తిరక్కుండా అత్త నోటీసు రద్దయింది. చెరువు స్థలం ఖాళీ చెయ్యమని సర్వే ఆఫీసుకు ఇంకొకటి తయారైంది. నిబంధనల ప్రకారం దాన్ని జారీ చేసిందీ, అందినట్టు సంతకం పెట్టిందీ ఆ అధికారే.